మెలికల ముగ్గులో గీత సగంలోనే ఎందుకు కలిసిపోతుంది? – వివరమైన సమాధానం

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. ఫోనులో కనిపించిన ఒక చిన్న వీడియో చూసి మీరు 5 చుక్కలు, ఎదురు చుక్క 1 వచ్చే వరకు (వరుసల్లో 1, 3, 5, 3, 1) పెట్టి మెలికల ముగ్గు మొదలుపెట్టారు. వీడియోలో గీత ఎక్కడా తెగకుండా అన్ని చుక్కలనూ చుట్టి వస్తోంది. మీరు వేస్తే మాత్రం ఇంకా కొన్ని చుక్కలు మిగిలి ఉండగానే బయలుదేరిన చోటికి వచ్చి కలిసిపోతోంది. తప్పు చేతిదా, చుక్కలదా, ఇలాంటివి సొంతంగా కల్పించుకోవడానికి లెక్క ఏదైనా ఉందా అన్నది మీ సందేహం. మీరు జతచేసిన రెండో బొమ్మ గురించి చివర్లో చెబుతాను.

తప్పు మీ చేతిది కాదు. మీరు పెట్టిన 13 చుక్కల మీద ప్రతి చోటా మెలిక వేసుకుంటూ, అంటే గీతలను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ పోతే వచ్చేది ఒక గీత కాదు, మూడు. మొదలైన చోటికి తిరిగి వచ్చి కలిసిపోయే ఒక్కొక్క గీతను ఇక్కడ తీగ అని పిలుస్తాను. మొదటి తీగ పైన, కింద, కుడి, ఎడమ కొసల్లో ఉన్న ఒంటరి చుక్కలను చెవుల్లా చుట్టుకుంటూ పెద్ద చతురస్రంగా తిరిగి వస్తుంది. మిగిలిన రెండూ నడిమి చుక్కను మధ్యలో ఉంచుకుని, ఒకటి ఈ మూల నుంచి ఆ మూలకు, రెండోది దానికి అడ్డంగా, పొడుగాటి గింజల్లా పడుకుంటాయి. మీరు ఎక్కడ మొదలుపెట్టినా ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో చిక్కుకుంటారు, అది పూర్తి కాగానే గీత కలిసిపోతుంది. నమ్మకం కుదరకపోతే మూడు రంగుల పెన్సిళ్ళు తీసుకుని, మెలిక దగ్గర ఎన్నడూ మలుపు తీసుకోకుండా ఏటవాలుగా నేరుగా సాగుతూ, అంచు చుక్క చుట్టూ మాత్రమే తిరుగుతూ ఒక్కొక్క తీగనూ ఒక్కొక్క రంగుతో గీసి చూడండి. అరగంటలో మూడు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి.

వీడియోలో వేసినావిడ గీత మీ గీతకు భిన్నంగా ఎక్కడో కనీసం రెండు చోట్ల మెలిక వేయకుండా వంపు తిరిగి ఉంటుంది. వేగం పెంచి చూపే వీడియోల్లో ఆ క్షణం కంటికి అందదు. యూట్యూబులో వేగాన్ని 0.25కు తగ్గించండి. కంప్యూటరులో అయితే వీడియోను ఆపి, కామా, ఫుల్‌స్టాప్ మీటలను నొక్కితే ఒక్కొక్క ఫ్రేము వెనక్కీ ముందుకీ జరుగుతుంది. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అంతకు ముందు ఒకే వీడియోను ఇరవైసార్లు మొదటి నుంచి చూసేదాన్ని. అయితే అలా చూసి నేర్చుకున్నది ఆ ఒక్క ముగ్గుకే పనికివస్తుంది. ముగ్గు ఎలా కట్టబడిందో తెలిస్తే వీడియో అవసరమే ఉండదు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను.

మెలికల ముగ్గును, అంటే కొన్ని ఊళ్ళలో తిప్పుడు ముగ్గు అని పిలిచేదాన్ని, చాలామంది పొడవాటి గీతగా చూస్తారు. నా అనుభవంలో అక్కడే పొరపాటు జరుగుతుంది. ముగ్గు స్వరూపం తేలేది పక్కపక్కనున్న రెండు చుక్కల మధ్య ఉన్న ఎడంలో. ఆ ఎడంలో గీతలు ఒకదాన్నొకటి దాటితే మెలిక అవుతుంది. దాటకుండా రెండూ వంపు తిరిగి చెరో చుక్కవైపు మళ్ళితే మధ్యలో గోడ కట్టినట్టవుతుంది. ప్రతి ఎడంలోనూ ఈ రెండింటిలో ఏది ఉండాలో నిర్ణయిస్తే ముగ్గు మొత్తం నిర్ణయమైపోయినట్టే, ఇక గీతకు సొంత ఇష్టం అంటూ ఏమీ మిగలదు. అందువల్ల కాగితం మీద వేసేటప్పుడు గీతను ఒక కొస నుంచి లాగుతూ పోవద్దు. ముందుగా అన్ని ఎడాల్లోనూ మెలిక కావలసిన చోట చిన్న ఇంటూ గుర్తు, అక్కర్లేని చోట రెండు చిన్న వంపు గీతలు పెట్టేసి, ఆ తరువాత పక్కపక్కనున్న కొసలను కలపండి. మీ 13 చుక్కలకు ఎడాలు 16. పదహారు గుర్తులు పెట్టి కొసలు కలిపితే చేయి వణికినా ముగ్గు తప్పదు.

ఇక తీగలను ఒకటిగా కలపడం ఎలాగన్నది. మా అమ్మ ఇంటి ముందు ముగ్గు వేస్తూ, గీత ముందే కలిసిపోతే, వేసిన మెలికల్లో ఒకదాన్ని కాలి బొటనవేలితో చెరిపి అక్కడ వంపు తిప్పేసేది. ఎందుకలా అని అడిగితే "విప్పితే కలుస్తుంది" అనేది, అంతకు మించి చెప్పేది కాదు. లెక్కల టీచరుగా పనిచేసిన ఇన్నేళ్ళలో నేను చెప్పిన ఏ నిరూపణా ఆ రెండు మాటలకంటే పొట్టిగా లేదు, కానీ కారణం మాత్రం చెప్పగలను. ఒక మెలికను కత్తిరించి చూస్తే నాలుగు కొసలు మిగులుతాయి. ఆ నాలుగూ ముగ్గులోని మిగతా భాగం గుండా ఇప్పటికే రెండు జతలుగా ముడిపడి ఉన్నాయి. లోపలి వైపు వాటిని తిరిగి జతపరచడానికి మూడే మార్గాలున్నాయి: దాటించి మెలికగా వేయడం, నిలువుగా విడదీయడం, అడ్డంగా విడదీయడం. ఈ మూడింటిలో సరిగ్గా ఒకటి మాత్రమే బయటి జతలతో సరిపోయి రెండు వేరు తీగలను ఇస్తుంది, మిగిలిన రెండూ ఒకే తీగను ఇస్తాయి. కాబట్టి ఒక మెలికలో రెండు వేర్వేరు రంగుల తీగలు దాటుతుంటే, ఆ మెలికను ఎటు విప్పినా అవి రెండూ ఒకటైపోతాయి. అమ్మ మాటకు ఉన్న అర్థం ఇదే. కాకపోతే చుక్కకో గది దక్కాలన్నది ముగ్గు మర్యాద గనుక, రెండు చుక్కల మధ్య గోడ నిలిచేలాగానే విప్పాలి.

ఈ పద్ధతిని మీ ముగ్గుకే పెట్టి చూడండి. నడిమి చుక్కకూ దాని పైచుక్కకూ మధ్య ఉన్న మెలికలో రెండు గింజ తీగలు దాటుతున్నాయి. దాన్ని విప్పి గోడ పెడితే ఆ రెండూ ఒకటవుతాయి. ఇప్పుడు కింది మూడు చుక్కల వరుసలో ఎడమ చుక్కకూ నడిమి చుక్కకూ మధ్య ఉన్న మెలికను చూడండి. అక్కడ పెద్ద చతురస్రపు తీగ, ఇందాక కలిసిన తీగ దాటుతున్నాయి. దాన్నీ విప్పితే 14 మెలికలు, 2 గోడలతో మొత్తం ముగ్గు ఒకే గీత అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. రెండు గోడలూ చెరోవైపు పడితే ముగ్గు కాస్త ఒరిగినట్టు కనిపిస్తుంది, అందుకని చాలామంది సమానంగా ఉండాలని నడిమి చుక్కకు పైనా కిందా రెండు చోట్లా విప్పుతారు. అలా చేస్తే తీగలు మళ్ళీ మూడవుతాయి. మొదటి చోట విప్పగానే ఆ రెండు తీగలు ఒకటయ్యాయి కదా. రెండో చోట దాటుతున్నది ఇక వేర్వేరు తీగలు కావు, ఒకే తీగ తనను తాను దాటుతోంది. అలాంటి చోట ఒకవైపు విప్పితే తీగ ఒకటిగానే ఉంటుంది, మరోవైపు విప్పితే తెగి రెండవుతుంది. ఇక్కడ గోడ పెట్టే వైపే తెగే వైపు అయింది. పోనీ నాలుగువైపులా విప్పుదామంటే నడిమి చుక్క తన చుట్టూ ఒక సున్నా గీసుకుని అలిగిన పిల్లలా విడిగా కూర్చుంటుంది.

మరి అందంగా సమానంగా ఉంటూనే ఒకే గీతతో వచ్చే ముగ్గు లేదా? ఉంది. సొంతంగా కల్పించుకోవడానికి లెక్క ఉందా అన్న మీ ప్రశ్నకు సమాధానం కూడా అదే. మొదట ప్రతి చుక్క చుట్టూ ఒక సున్నా ఉందని అనుకోండి, 13 చుక్కలకు 13 సున్నాలు. పక్కపక్కనున్న రెండు సున్నాల మధ్య ఒక మెలిక వేస్తే ఆ రెండూ కలిసి ఒక తీగ అవుతాయి. ఇలా ప్రతిసారీ ఇంకా కలవని రెండిటినే కలుపుతూ పోతే, 12 మెలికలు వేసేసరికి అంతా ఒకే తీగ అవుతుంది, తప్పిపోయే అవకాశమే లేదు. కాగితం మీద దీన్ని పాటించడం ఇంకా తేలిక. చుక్కలను పెన్సిలుతో సన్నగా, చెట్టు కొమ్మలు చీలినట్టు కలుపుకుంటూ పోండి. అన్ని చుక్కలకూ కొమ్మ అందాలి, ఎక్కడా కొమ్మలు చుట్టు తిరిగి తమలో తాము కలవకూడదు. కొమ్మ దాటిన ప్రతి ఎడంలో మెలిక, కొమ్మ లేని ప్రతి ఎడంలో గోడ పెట్టండి. ఎన్ని చుక్కలున్నా, వాటి ఆకారం ఏదైనా, గీత ఒక్కటే వస్తుంది.

మీ ముగ్గులో ఈ కొమ్మలను ఇలా సాగించండి. నడిమి చుక్క నుంచి నాలుగు దిక్కులా నాలుగు చుక్కలకు కొమ్మలు, అక్కడి నుంచి నాలుగు కొస చుక్కలకు కొమ్మలు. ఇక మిగిలినవి నాలుగు మూల చుక్కలు. వాటిలో ఒక్కొక్కదానికీ ఇరుగూ పొరుగూ రెండు చుక్కలుంటాయి, ఒకదానితో మాత్రమే కలపాలి. పై కుడి మూల చుక్కకు కింద గోడ, కింది కుడి మూల చుక్కకు ఎడమన గోడ, కింది ఎడమ మూల చుక్కకు పైన గోడ, పై ఎడమ మూల చుక్కకు కుడిన గోడ పెట్టండి. 12 మెలికలు, 4 గోడలు. పిల్లలు తాటాకుతో చేసుకునే గాలిమరలాగా నాలుగు రెక్కలూ ఒకే వైపు తిరిగినట్టు కనిపిస్తుంది, కాగితాన్ని పావు వంతు తిప్పినా ముగ్గు మారదు, గీత మాత్రం ఒక్కటే. దీనికి ముందు చేయి కుదరడానికి ఇంకా చిన్నది కావాలంటే 3 చుక్కలు, ఎదురు చుక్క 1 వరకు పెట్టండి. మొత్తం 5 చుక్కలు, 4 ఎడాలు. నాలుగింటిలోనూ మెలిక వేస్తే చాలు, గోడ అవసరం లేకుండానే ఒకే గీత వస్తుంది, ఎందుకంటే ఆ ఐదు చుక్కల్లో చుట్టు తిరిగే దారే లేదు.

కొమ్మల పద్ధతిలో లోపం లేకపోలేదు. అందులో అల్లిక పలచగా, తీగ పాకినట్టుగా ఉంటుంది. బుట్ట అల్లినంత చిక్కగా కావాలంటే గోడలను తగ్గించి మెలికలను పెంచాలి, అప్పుడు తీగలు తెగే ప్రమాదం తిరిగి వస్తుంది. నేనైతే కొమ్మలతో మొదలుపెట్టి, గోడలను రెండేసి చొప్పున మెలికలుగా మార్చి చూస్తూ, ప్రతి మార్పు తరువాత వేలితో గీతను చుట్టి వస్తాను. చుట్టి వచ్చేసరికి గీతలో ఏ ముక్కా మిగలకపోతే ఆ మెలికలను ఉంచుతాను, మిగిలితే గోడలను తిరిగి పెడతాను.

వరుసలు సమానంగా ఉండే దీర్ఘచతురస్రపు ముగ్గులకు ఇంకా సులువైన లెక్క ఒకటుంది. అన్ని ఎడాల్లోనూ మెలికే వేసేటట్లయితే, నిలువు వరుసల సంఖ్యకూ అడ్డ వరుసల సంఖ్యకూ గల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో తీగలు అన్ని. 3, 4 వరుసలకు తీగ ఒకటి. 5, 8 వరుసలకూ ఒకటే. 4, 6 అయితే రెండు, 6, 9 అయితే మూడు. ఈ సంగతి తెలియని రోజుల్లో ఒక సంక్రాంతి పోటీలో 6 వరుసల్లో ఆరేసి చుక్కలు పెట్టి, ఒకే గీతతో వేస్తానని పక్కవాళ్ళకు ముందే చెప్పేశాను. మూల నుంచి బయలుదేరి ఎదుటి మూల చుట్టి, నిమిషం తిరగకుండానే మొదటి చోటికి చేరాను. ఆరు వరుసలకు ఆరు తీగలని తెలిసి ఉంటే ఇంకొక్క వరుస చేర్చేదాన్ని, 6, 7 వరుసలకు ఒకే గీత వచ్చేది. ఆ రోజు మిగిలిన ఐదు తీగలనూ విడివిడిగా వేసి లేచాను. బహుమతి రాలేదు, రావలసింది కూడా కాదు.

ఈ లెక్క నాకు పుస్తకంలో దొరకలేదు, ఇంటర్నెట్టులో మరేదో వెతుకుతుంటే తగిలింది. ఆఫ్రికాలో అంగోలా దేశపు చోక్వే ప్రజలు ఇసుకలో వేళ్ళతో చుక్కలు పెట్టి, కథ చెబుతూ వాటి చుట్టూ తెగని గీత గీస్తారు. వాటిని సోనా అంటారు. మొజాంబిక్‌లో పనిచేసిన గణిత శాస్త్రజ్ఞుడు పౌలుస్ గెర్డెస్ వాటి మీద చేసిన పరిశీలనలు చదువుతుంటే, బొమ్మలన్నీ మా వాకిట్లోవేనేమో అనిపించింది. మన దగ్గరకు వస్తే, తమిళులు ఇదే రకాన్ని సిక్కు కోలం అంటారు. చెన్నై తాంబరంలోని మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, ఆయనతో కలిసి రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ 1974లోనే కోలాలను కంప్యూటరు వ్యాకరణాలతో, అంటే బొమ్మను పుట్టించే నియమాలతో, వర్ణించే పరిశోధన పత్రాన్ని ప్రకటించారు. ముగ్గు వేయడం ఖాళీ వేళ కాలక్షేపమని ఇంట్లో ఎవరైనా అంటే ఈ మాట చెప్పవచ్చు.

ఆన్‌లైనులో దొరికే బొమ్మల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. పింట్రెస్టులోనూ ఇన్‌స్టాగ్రాములోనూ ఇప్పుడు ఏఐతో తయారైన ముగ్గులు కలగలిసిపోయి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే అద్భుతంగా ఉంటాయి, వేలు పెట్టి గీత వెంట నడిస్తే ఎక్కడో ఒకచోట గీత మూడు పాయలుగా చీలడమో, చుక్క మీదుగా వెళ్ళిపోవడమో, గాలిలో ఆగిపోవడమో కనిపిస్తుంది. నిజమైన మెలిక నుంచి బయలుదేరే కొసలు ఎప్పుడూ నాలుగే. మూడు లేదా ఐదు కొసలు కనిపించిన బొమ్మను పక్కన పెట్టేయండి. ఫొటోలతో మరో చిక్కు ఏమిటంటే, నిలబడి ఏటవాలుగా తీసినవాటిలో దూరపు వరుసలు దగ్గరగా కుదించుకుపోయి ఎదురు చుక్కలేవో (పై చుక్కకు ఎదురుగా పెట్టేవి) సందు చుక్కలేవో (రెండు చుక్కల సందులో పెట్టేవి) తెలియవు. అప్పుడు గీతలను వదిలి ఒక్కొక్క వరుసలో చుక్కలను మాత్రమే లెక్కపెట్టండి. వరుసకు రెండేసి తగ్గుతుంటే అది ఎదురు చుక్క, ఒక్కొక్కటే తగ్గుతుంటే సందు చుక్క.

కాగితానికి ఖరీదైన చుక్కల నోటుపుస్తకం కొననక్కర్లేదు, చిన్న పిల్లలు లెక్కలు చేసుకునే గడుల పుస్తకం చాలు. చుక్కకూ చుక్కకూ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఎడం ఉంచండి, అంతకంటే తగ్గితే మెలికలు ముద్దవుతాయి. సందు చుక్కకు మాత్రం గడుల పుస్తకం నేరుగా పనికిరాదు. అడ్డంగానూ నిలువుగానూ ఒకే కొలత పెడితే ముగ్గు నిలువుగా సాగిపోతుంది. మిల్లీమీటరు గ్రాఫు కాగితం మీద అడ్డంగా చుక్కకూ చుక్కకూ 16 మి.మీ., వరుసకూ వరుసకూ 14 మి.మీ. పెట్టి, ప్రతి కొత్త వరుసనూ 8 మి.మీ. పక్కకు జరపండి. కంటికి ఆరు వైపులా సమానంగానే కనిపిస్తుంది.

నేల మీదికి వెళ్ళేటప్పుడు చేతి వాటం వేరు. కాగితం మీద ఇంటూ గుర్తులు ముందే పెట్టినట్టు నేల మీద పెట్టకూడదు, ముక్కలు ముక్కలుగా కలిపిన చోటల్లా పిండి ఒత్తుగా పడి గీత కణుపులు కణుపులుగా కనిపిస్తుంది. గోడలు ఎక్కడెక్కడ రావాలో కాగితం మీద చూసి గుర్తుపెట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండిని ధారగా వదులుతూ, చేతిని నేలకు మరీ ఆనించకుండా, గీతను సాగదీసినట్టు లాగాలి. కళ్ళాపి చల్లిన నేల తడి ఆరీ ఆరనట్టు ఉన్నప్పుడు పిండి బాగా పట్టుకుంటుంది. అపార్టుమెంటు నడవాలో నున్నటి పలకల మీద పిండి నిలవదు, అక్కడ సుద్దముక్కను నీళ్ళలో ముంచి గీయండి. గీసేటప్పుడు గీత సరిగా కనిపించదు, ఆరాక తెల్లగా తేలుతుంది. అందువల్ల మధ్యలో కంగారుపడి రెండోసారి దిద్దకండి.

ఇక మీ రెండో బొమ్మ. అది 5 చుక్కలు, సందు చుక్క 3 వచ్చే వరకు, అంటే మొత్తం 19 చుక్కలు. ఇందులో లోపలి చుక్క ఒక్కొక్కదానికీ ఆరేసి పొరుగు చుక్కలుంటాయి కాబట్టి ఎడాలు 42 దాకా లెక్కకు వస్తాయి. అన్నింటిలోనూ మెలికలు వేయబోతే మొదటిసారికి గజిబిజి అవుతుంది. కొమ్మల పద్ధతిలో 18 మెలికలు చాలు. నడిమి చుక్క నుంచి ఆరు వైపులా ఆరు చుక్కలకు ఆరు కొమ్మలు వేసి, ఆ ఆరింటిలో ఒక్కొక్కదాని నుంచి అంచు చుక్కలు రెండింటికి, ఒకటి సూటిగా మూలకు, మరొకటి దానికి కుడిపక్కనున్న అంచు చుక్కకు, రెండు కొమ్మలు వేయండి. ఆరుకు పన్నెండు కలిపితే పద్దెనిమిది. మిగిలిన 24 ఎడాల్లోనూ గోడలే. మీరు పంపిన బొమ్మలో కుడివైపు మూల చుక్క దగ్గర మెలిక నుంచి మూడు కొసలే బయలుదేరుతున్నాయి. దాన్ని చూసి వేయకండి, ఈ కొమ్మలతోనే వేసి ఫొటో పెట్టండి, ఎక్కడైనా గీత తెగితే చూసి చెబుతాను.